నిండు క్యానుతో నడక

ఆదోని డాక్టరు నా పాదాన్ని చేత్తో పట్టుకుని కళ్ళు మూసుకోమన్నాడు. పరాయి మగమనిషి, అందులోనూ డాక్టరు, నా కాలు పట్టుకున్నాడని సిగ్గుతో నాకు సగం ప్రాణం పోయింది. అతని చేతిలో ఒక చిన్న పిడి, దాని కొసన జానెడు కూడా లేని నైలాన్ పోగు.

"ఈ దారం తగిలినప్పుడల్లా చెప్పమ్మా" అన్నాడు.

నేను పుట్టింది మగ్గాల ఇంట్లో, నన్ను ఇచ్చిందీ ఎమ్మిగనూరులో మగ్గాల ఇంటికే. ఏ నూలైనా రెండు వేళ్ళ మధ్య నలిపితే ఎన్నో నెంబరు దారమో చెప్పేస్తాను. అలాంటిదాన్ని, కాలికి దారం తగిలిందో లేదో నాకు తెలియలేదు. తెలియలేదని చెప్పడానికి మనసు రాలేదు. రెప్పలు కొంచెం సందు చేసుకుని అతని చెయ్యి కదిలినప్పుడల్లా "తగిలింది సార్" అన్నాను. మూడుసార్లు అట్లా అయ్యాక డాక్టరు దారాన్ని తాకించకుండానే చెయ్యి మాత్రం ఊరికే ఆడించాడు.

"తగిలింది సార్."

పక్కన కూర్చున్న మా ఆయన తల వంచుకున్నాడు.

"అమ్మా, నేను చూస్తున్నది నీ కాలిని. నీ కంటిని కాదు" అన్నాడు డాక్టరు. కోపం లేదు ఆ మాటలో. నేనే కొంగు తీసి కళ్ళకు కట్టుకున్నాను. పది చోట్ల తాకించాడంట. ఆరు చోట్ల తెలిసింది. నాలుగు చోట్ల తెలియలేదు.

అసలు ఆదోని దాకా ఎందుకు పోవలసి వచ్చిందంటే, మాది గుంట మగ్గం. నేలలో గుంత తవ్వి ఉంటుంది. అంచు మీద కూర్చుని కాళ్ళు గుంతలోకి వేలాడేసి, కింద ఉన్న చెక్కలను ఒకటి తర్వాత ఒకటి తొక్కుతూ నేస్తాము. ఒకరోజు లేచి వంటింట్లోకి నడిచాను. మా ఆయన వెనకనుంచి "మే, ఆ రకతం ఎవరిది?" అన్నాడు. చూస్తే మగ్గం దగ్గరనుంచి పొయ్యి దాకా నా అడుగులే, ఎర్రగా. తొక్కుడు చెక్క చీలి పేడు కాలిలో దిగింది. ఎప్పుడు దిగిందో నాకు తెలియదు. దాని మీదే ఎంతసేపు తొక్కానో కూడా తెలియదు.

దసరా రాత్రి జనం కర్రలతో తలపడే దేవరగట్టు పండుగ అయిపోయిన వారం అది. మా ఆడబిడ్డ, అంటే మా ఆయన అక్క, నేను కుంటుతుంటే చూసి, "దేవరగట్టులో తలలు పగిలినోళ్ళే పసుపు పెట్టుకుని పనికి పోతాండారు. నీకు కాల్లో పుల్ల గుచ్చుకుంటే ఆస్పత్రా?" అని నవ్వింది. నేనూ పసుపే పెట్టాను. పదిహేను రోజులైనా పుండు మానలేదు. అప్పుడు పోయాము ఆదోనికి. రక్తం చూసి సుగరు అన్నారు. చాలా ఏళ్ళుగా ఉందంట, నాకు చెప్పకుండానే.

డాక్టరు మాత్రలు రాశాడు. పుండు ఆరాక, చెప్పులేసుకుని రోజూ నలభై నిమిషాలు ఆగకుండా నడవమన్నాడు.

"సార్, పొద్దున లేస్తే సాయంత్రం దాకా కాళ్ళాడిస్తానే ఉంటా కదా. మగ్గం తొక్కేది నడక కాదా?"

"తొక్కితే ముందుకు పోతావా అమ్మా?"

"నేను పోను. గుడ్డ పోతాది సార్."

"అదే చెప్తున్నా. గుడ్డ నడుస్తుంది, నువ్వు కూర్చుంటావు" అని నవ్వి, వెంటనే నవ్వు ఆపేశాడు. "మూడు నెలలు మగ్గం గుంతలోకి దిగొద్దు. తర్వాత రా. సుగరు తగ్గి, ఈ కాలు ఇంతకంటే చెడకుండా ఉంటే అప్పుడు మగ్గం సంగతి చెప్తా. లేకపోతే దాన్ని మర్చిపో."

బస్సు దిగి ఇంటికొచ్చేసరికి నా మగ్గం మీద ఒకటిన్నర చీర నేసిన పడుగు అట్లే ఉంది. ఇంకా రెండున్నర చీరలు దిగాలి. మా ఆయన మగ్గం పక్కనే ఉంటుంది. పెళ్ళయినప్పటినుంచి ఇద్దరి చప్పుళ్ళూ కలిసే వినపడేవి. మరునాడు నూలిచ్చే షావుకారు వచ్చి చూశాడు.

"ఆయమ్మ బదులు ఇంకొకరిని కూర్చోబెట్టప్పా. పడుగు ఎన్ని దినాలని అట్ల పెడతావు?"

"మూడు నెల్లు ఆగన్నా" అన్నాడు మా ఆయన.

"మూడు నెల్లకు కూర్చోలేకపోతే?"

"అప్పుడు నీ ఇష్టం. నీ నూలు, నీ పడుగు."

ఆయన పోయాక మా ఆయన నా మగ్గం మీద పాత దుప్పటి కప్పాడు. పక్క గుంజకు ఒక పోగు కట్టి, "నడిచొచ్చిన రోజు దీంట్లో ఒక ముడెయ్యి" అన్నాడు. నేను చదివింది నాలుగో తరగతి వరకే. క్యాలెండరులో రాయడం కంటే నాకు ముడే సులువు.

పుండు ఆరాక మొదటిరోజు తెల్లవారుతూనే బయలుదేరాను. మా వీధి కొసన, గోనెగండ్ల దారి మొదలయ్యే చోట, పత్తికి కూలికి పోయే ఒకామె ఇల్లు ఉంది. ఆమె వాకిలి ఊడుస్తూ నన్ను చూసి చీపురు పక్కన పడేసింది.

"అక్కా, ఏమయింది? ఎవరికన్నా ఏమన్నా అయిందా?"

"ఏం కాలేదు మే. ఊరికే నడుస్తాండా."

"ఊరికేనా? ఖాళీ చేతుల్తోనా? అన్న ఏమన్నా అన్న్యాడా?"

ఆమె తప్పు కాదు. మా దిక్కు ఆడమనిషి పొద్దున్నే ఖాళీ చేతులతో దారిన పోతుంటే సావు కబురన్నా అయి ఉండాలి, మొగుడితో కొట్లాటన్నా అయి ఉండాలి. ముందుకు పోతే కూలీల ఆటో పక్కన ఆగింది. "ఎక్కమ్మా, ఇరుక్కుని కూర్చుంటాంలే. యాడికి పోవాల?" అని ఆరుగురు అడిగారు. యాడికీ కాదు అంటే నమ్మలేదు. ఆ ఆటో అంత దూరం పోయాక కూడా ఒకామె తల బయటికి పెట్టి నన్నే చూసింది.

మరునాడు పాల క్యాను చేతిలో పట్టుకున్నాను. స్టీలు క్యాను, దానికి తీగ పిడి. నడుస్తుంటే పిడి క్యాను గొంతుకు కొట్టుకుని టకటకా అంటుంది. అంతే, అడిగేవాళ్ళు లేరు. పాలకు పోతోంది అనుకున్నారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మా ఆడబిడ్డ ఇల్లు ఆ దారిలోనే. మా ఇంటినుంచి ఇరవై నిమిషాలు, రానూ పోనూ సరిగ్గా నలభై. బర్రెలున్నాయి. క్యాను చూసి ఆమె ఎదురొచ్చింది.

"పాలకొచ్చినావా మే? కూర్చో, టీ పెడతా."

"వద్దు వదినా, నడవాల."

"వాకిట్లోకి వచ్చి గుటక మింగకుండా పోతావా? నా ఇల్లేమైనా సత్రమా?"

కూర్చున్నాను. టీ తాగాను. బెల్లం టీ, సుగరుకు చక్కెరే కదా పడదు అనుకున్నాను. లేవబోతే క్యాను తీసుకుని లోపలికి పోయింది. ఇంటికి వచ్చిన గిన్నెను ఒట్టిగా పంపకూడదు, అది మా అత్త నేర్పిన ఆచారం. కూతురు కాబట్టి వదినకూ అదే, కోడలిని కాబట్టి నాకూ అదే. ఒకరోజు బొరుగుల ఉగ్గాని, ఒకరోజు పాయసం, ఏకాదశి పోయిన మరునాడు నాలుగు ఓళిగలు, అవే బొబ్బట్లు. తిరిగొచ్చే దారిలో ఇంకో ఇద్దరు చుట్టాలు క్యాను చూశారు. వాళ్ళకు మాత్రం ఆచారం లేదా?

నేను మాత్రం రోజూ నడిచాను. ఒక్కరోజు మానలేదు. ముప్పై ముళ్ళు వేశాను. ముప్పయ్యో పొద్దున, పరగడుపున ఊళ్ళో రక్తం పరీక్ష చేయించుకుని, తర్వాత నడిచొచ్చి గెలిచినదాని మాదిరి ఇంట్లో కూర్చున్నాను. మధ్యాహ్నం మా ఆయన చీటీ తెచ్చాడు.

"పెరిగింది" అన్నాడు.

"ఏం పెరిగింది?"

"సుగరే. ఆదోనిలో సూసిందానికంటే పెరిగింది."

"తప్పు రాసింటారు."

"యాడన్నా ఏమన్నా తింటాండావా?"

"నేనేం తింటా? నడుస్తాండా కదా!"

ఆయన పక్కనున్న క్యాను మూత తీశాడు. అందులో ఒకటిన్నర ఓళిగ ఉంది. వాళ్ళక్క ఎప్పుడూ పెట్టేది నాలుగు. మళ్ళీ మూత పెట్టేశాడు. నన్ను ఒక్క మాట అని ఉంటే పోట్లాడేదాన్ని. అనలేదు కాబట్టి ఇంకా కోపం వచ్చింది. నడిస్తే పెరిగింది, ఇక నడిచి ఏం లాభం అని మానేశాను.

మొదటిరోజు సుఖంగా ఉంది. రెండోరోజు చలి అన్నాను. మూడోరోజు పుండు మానిన చోట దురద అన్నాను, అది నిజమే, కానీ దానికీ నడకకూ సంబంధం లేదు. నాలుగోరోజు నుంచి ఏ సాకూ చెప్పుకోవలసిన పనే లేకపోయింది. మంచి పని మానడానికి నాలుగు రోజులు చాలు. ఎండబెట్టిన నూలు ముందు కూర్చుని మా ఆయనకు నాడెలో పెట్టే కండెలు చుట్టిచ్చేదాన్ని. దుప్పటి కప్పిన నా మగ్గం వైపు వీపు పెట్టుకునే చుట్టేదాన్ని. ఒకరోజు షావుకారు వచ్చి దుప్పటి ఎత్తి పడుగును వేలితో మీటి పోయాడు. వీణ మీటినట్టు కాదు, సంతలో కోడిని తడిమినట్టు.

పదకొండు రోజులు అట్లా గడిచాయి. పదకొండో రోజు సాయంత్రం వీధి కొసనున్న కూలామె మా ఇంటికే వచ్చింది. ఆమె ఎప్పుడూ గడప తొక్కలేదు.

"అక్కా, జరమా?"

"లేదు మే. బాగానే ఉండా."

"బాగానే ఉంటే మరి యాడ సచ్చినావక్కా!"

మా ఆయన మగ్గం ఆపాడు.

"నీ క్యాను సప్పుడు ఇనపడితే నేను పొయ్యి మీద అన్నం దించుతా. దించి సద్ది కట్టుకునేసరికి ఆటో వస్తాది. నెలకాడ్నుంచి నాకు అదే గడియారం. మా ఇంట్లో ఉండే ఒక్క ఫోను మా మొగుడి జేబులో ఉంటాది, ఆయప్ప గొర్రెల కాడ పడుకుంటాడు. నువ్వు రాకపాయె. రెండుసార్లు అన్నం మాడింది, ఈ పొద్దు ఆటోనే పాయె. ఇంటి కాడ కూర్చున్న్యా."

"నాకేం తెలుసు మే నువ్వు ఇంటాండావని?"

"నువ్వు రోజూ పోతాంటివి కదా. పోతావనుకున్న్యా."

ఆమె పోయాక చాలాసేపు ఆ మాటే చెవిలో ఉంది. నేను నా కాళ్ళ కోసం నడుస్తున్నాననుకున్నాను. పొద్దు పొడిచేలోపల వీధి కొసన ఒకామె నా క్యాను చప్పుడుకు చెవి ఒగ్గి, చేతిలో మసిగుడ్డ పట్టుకుని నిలబడి ఉంటుందని నాకు కలలో కూడా తట్టలేదు.

"రేపట్నుంచి పోతా" అన్నాను మా ఆయనతో. గుంజకున్న పోగు తీసుకుని, ముప్పై ముళ్ళ తర్వాత రేపటి ముడి ఎక్కడ వెయ్యాలా అని చూశాను. మధ్యలో అన్ని రోజులు పోయాక ముందటి ముళ్ళన్నీ ఒట్టివే అనిపించింది. "ఈ పదకొండు కూడా ఏసేద్దామా? ఎవరు సూస్తారు?"

"గుడ్డలో పోగు పోతే షావుకారు పట్టుకుంటాడు. కాల్లో పోతే డాక్టరు పట్టుకుంటాడు" అన్నాడు, పడుగులో అటూ ఇటూ ఆడే నాడె ఆపకుండానే. "పోగు తెగిందని పడుగు పారేసినామా ఎప్పుడన్నా? సందు వదిలి ముందర్నుంచి ఏసుకో" అన్నాడు.

నాలుగు వేళ్ళ సందు వదిలాను.

ఇప్పుడు చిక్కు క్యానుతోనే. తీసుకుపోతే ఆడబిడ్డ నింపుతుంది. తీసుకుపోకపోతే కూలామెకు చప్పుడు ఉండదు. ఆ పొద్దు పడుకునేదాకా అదే ఆలోచన. పొద్దున క్యాను కడుగుతుంటే ఉపాయం తట్టింది. కడగడానికి పోసిన నీళ్ళు పారబోయకుండా ఇంకా పోసి, గొంతు దాకా నింపి, మూత పెట్టి బయలుదేరాను. చెయ్యి లాగింది. పిడి మాత్రం కొట్టుకుంది, ముందుకంటే కొంచెం మెత్తగా. వీధి కొసన వాకిలి సందులోంచి "దించుతాండా అక్కా!" అని కేక వినిపించింది.

ఆడబిడ్డ పాలు పితుకుతోంది. క్యాను అందుకుని లోపలికి పోబోయి బరువుకు ఆగిపోయింది. మూత తీసింది.

"ఇదేంది మే? నీళ్ళా? మా ఇంట్లో నీళ్ళు లేవనా?"

"నిండుగా ఉంది వదినా. యాడ పోస్తావు ఇంక?"

"పారబోసి..."

"నిండు గిన్నె ఎదురొస్తే మంచిదని నువ్వే సెప్తావు కదా. పారబోస్తావా?"

ఆమె క్యానును చూసింది, నన్ను చూసింది. నవ్వాలో తిట్టాలో తెలియక, "టీ అన్నా తాగు" అంది.

"కూర్చుంటే లెక్క తప్పుతాది. నువ్వు మాట్లాడు, నేను తిరుగుతా."

ఆ రోజునుంచి అదే అలవాటయింది. ఆమె బర్రె పక్కన కూర్చుని ఊరి సంగతులు చెబుతుంది, నేను బర్రె చుట్టూ తిరుగుతూ ఊఁ కొడతాను. "నీ మొగం ఎనక్కి పోయినప్పుడల్లా నేను బర్రెతో మాట్లాడాల్సొస్తాంది" అని తిట్టేది. వారం తిట్టి, తర్వాత చక్కెర లేని మజ్జిగ గ్లాసు పట్టుకుని నా పక్కనే రెండు చుట్లు తిరిగి అందించడం మొదలుపెట్టింది. తాగకుండా పంపితే ఆమెకు నిద్ర పట్టదు, నాకూ తెలుసు. తిరిగొచ్చేటప్పుడు క్యానులో నీళ్ళు కూలామె వాకిట్లో ఉన్న కరివేపాకు మొక్కకు పోసేదాన్ని. ఆమె ఇంట్లో ఉండేది కాదు, అప్పటికే ఆటోలో పోయి ఉండేది. ఆ ఆటోలో వాళ్ళు ఎదురైతే ఇప్పుడు ఎక్కమనరు. "నిండు క్యానమ్మ వచ్చింది, ఈ పొద్దు పత్తి బాగా కాసింటాది" అంటారు.

ఆదివారాలే కష్టం. ఆ రోజు కూలామెకు చర్చిలో ప్రార్థన, ఆటో లేదు, అన్నం తొందర లేదు. నా చప్పుడు కోసం ఎవరూ చూడరు. ఆ పొద్దు లేవడానికి మాత్రం దుప్పటి కింద నా మీద నేనే గెలవాలి. మూడు ఆదివారాలు ఓడిపోయాను. ఆ మూడు చోట్లా సందు వదిలాను.

మూడు నెలలు తిరిగాక ఆదోని పోయాము. పత్తి లారీల మధ్య బస్సు నత్తలా నడిచింది. డాక్టరు చీటీ చూసి తల ఆడించాడు, సుగరు బాగా దిగింది. నేను ముళ్ళ పోగు సంచిలోంచి తీసి ఇచ్చాను. వేళ్ళతో తడుముకుంటూ పోయి, సందు దగ్గర ఆగాడు.

"ఇదేంటమ్మా?"

"అది నేను మానేసింది సార్. పదకొండు దినాలు."

ఇంకా తడిమాడు. "ఇవి?"

"అవి ఆదివారాలు."

నవ్వి, నైలాన్ పోగు పిడి తీశాడు. ఈసారి ఆయన చెప్పకముందే కొంగు కళ్ళకు కట్టుకున్నాను. చీకట్లో నా పాదమే నాకు దూరంగా ఎక్కడో ఉన్నట్టుంది. తగిలింది అన్నాను. తగిలింది. తెల్లేదు సార్. తగిలింది. బొటనవేలి కింద ఒకచోట ఏదో చీమ నడిచిపోయినట్టు అయింది. అయిందో, కావాలని నేనే అనుకున్నానో. మూడు నెలల కిందట అయితే ఎగిరి చెప్పేదాన్ని.

"ఇక్కడ?" అన్నాడు.

"గట్టిగా సెప్పలేను సార్."

కొంగు విప్పేసరికి ఆయన రాసుకుంటున్నాడు. "ఆరు. అప్పుడూ ఆరే" అన్నాడు. నేను కాలు వెనక్కి లాక్కున్నాను. "దిగులు పడొద్దమ్మా. పోయింది రావడం కష్టం. ఉన్నది పోలేదు, అదే నీ నడక. రోజంతా కాదు, సగం పూట మగ్గం మీద కూర్చో. కానీ కాలికి బూట్లు వేసుకుని తొక్కాలి."

మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. మగ్గం గుంతలోకి చెప్పులతో దిగడమా! ఏటేటా పసుపు కుంకుమ పెట్టే చోటు అది. సరే సార్ అని బయటికి వచ్చాము. బస్సు సగం దారి దాటాక మా ఆయన, "కాలికి ఏస్తే కదా తప్పు" అన్నాడు.

ఇంటికొచ్చి ఆయన నా మగ్గం కింద గుంతలోకి దిగాడు. రెండు తొక్కుడు చెక్కలనూ గాజుపెంకుతో గీకి నున్నగా చేసి, పడుగు కొసల్లో మిగిలిన మెత్తటి నూలుతో, ఉతికిన పాత పంచె గుడ్డతో దళసరిగా చుట్టి, చుట్టూ సూదితో కుట్టేశాడు. చెక్కలకు బూట్లు తొడిగినట్టే. "రోజూ ఈడ కూర్చునే ముందర కాళ్ళు నాకు సూపించు" అన్నాడు. దుప్పటి తీశాడు. నేను కూర్చుని మొదటి చెక్క తొక్కాను. మెత్తగా దిగింది. పడుగు నోరు తెరుచుకుంది. నాడె వేశాను. మగ్గం చప్పుడు కొంచెం మారింది, కానీ నాదే. పక్కన ఆయనది కూడా మొదలయింది.

మరునాడు పొద్దున మెలకువ వచ్చింది. మగ్గం దక్కింది కదా, ఒక్కరోజు పడుకుంటే ఏమి అనిపించింది. ఆ ఆలోచన ఇప్పటికీ రోజూ వస్తుంది, అది పోయేది కాదు. లేచి క్యాను గొంతు దాకా నింపాను. వీధి కొసకు చేరేసరికి వాకిలి సందులో పొయ్యి వెలుగు. ఆమె అన్నం గిన్నెను రెండు చేతులా మసిగుడ్డతో పట్టుకుని అప్పటికే దించుతోంది.